అమృతసర్ పంక్తి

బళ్ళో పిల్లలకు హిందీ చెప్పి జీతం తీసుకుంటున్నానే గానీ, విజయవాడ దాటి ఉత్తరానికి నేను పోయింది లేదు. నరసరావుపేటలో హిందీతో పనేముంది? మిఠాయి కొట్టు మార్వాడీ కూడా నాకంటే చక్కగా తెలుగు మాట్లాడతాడు. అలాంటిదాన్ని ఇద్దరు ముసలాళ్ళను వెంటబెట్టుకుని అమృతసర్ బయల్దేరుతున్నానని చెప్పేసరికి స్టాఫ్ రూమంతా ఒకటే నవ్వు. అక్కడ మిమ్మల్ని వ్యాకరణం ఎవరూ అడగరు మేడమ్, దారి అడగడం వస్తే చాలు అన్నాడు లెక్కల మాస్టారు. అది రాదని నాకూ తెలుసు. అయినా బయల్దేరాను. మా పెదనాన్న నోరు తెరిచి నన్ను ఏదైనా అడిగింది అదే మొదటిసారి.

ఆ ముసలాళ్ళలో ఒకరు మా నాన్న, రెండోవాడు నాన్నకు స్వయానా అన్న. పక్కపక్క ఇళ్ళు, పక్కపక్క పొలాలు. సాగర్ కుడి కాలువ నీళ్ళు పెదనాన్న మడిలోంచే మా మడిలోకి రావాలి. నీళ్ళు ఏనాడూ ఆగలేదు. మాటలే ఆగిపోయాయి.

నేను హైస్కూల్లో ఉండగా పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. అన్నదమ్ములిద్దరూ చెరో పార్టీ. మా ఊళ్ళో అదేమంత వింత కాదు, ఒకే ఇంట్లో మొగుడో పార్టీ పెళ్ళామో పార్టీ అయిన సందర్భాలూ ఉన్నాయి. నాన్న నిలబెట్టిన మనిషి ఓడిపోయాడు. గెలిచినవాళ్ళు ఊరేగింపుగా వచ్చి, మా ఇంటి ముందు ఆగి, డప్పులు కొట్టి నాన్నను అనరాని మాటలు అన్నారు. ఆ గుంపులో పెదనాన్న ఉన్నాడు. ఆయన ఒక్క మాట అనలేదు. అన్నవాళ్ళను ఆపనూ లేదు. నాన్న అరుగు మీదికి వచ్చి, మిగతావాళ్ళ ముఖం కూడా చూడకుండా, సూటిగా అన్నతోనే అన్నాడు.

"ఇంక నీతో కలిసి మెతుకు ముట్టను. ముడితే నేను మన అమ్మకు పుట్టలేదు."

డప్పులు ఆగిపోయాయి. పెదనాన్న తలొంచుకుని ఇంటికి పోయాడు. మా వైపు మగాళ్ళ సంగతి మీకు తెలియంది కాదు. పెళ్ళాం బిడ్డల మీద పెట్టిన ఒట్టు తెల్లారేసరికి మర్చిపోతారు. పదిమందిలో పెట్టిన ఒట్టయితే కాటికి పోయేదాకా మోస్తారు. అదేదో ఆస్తి అయినట్టు.

ఆ తర్వాత ఇద్దరూ కొట్టుకున్నదీ లేదు, తిట్టుకున్నదీ లేదు. కష్టం వస్తే ఒకరికొకరు అండగా నిలబడేవాళ్ళు. తిండి దగ్గర మాత్రం ఒకరుంటే రెండోవాళ్ళు ఉండరు. నా పెళ్ళికి పందిరి వేయించింది పెదనాన్నే, వంటవాళ్ళను కుదిర్చిందీ పెదనాన్నే. అక్షింతలు వేసి, వడ్డన మొదలయ్యే వేళకు ఇంటికి పోయి, పెద్దమ్మ పెట్టిన గోంగూర పచ్చడితో ఇంత తిని మళ్ళీ వచ్చాడట. అమ్మ పోయినప్పుడు పాడె మోశాడు, కర్మ భోజనానికి కూర్చోలేదు. ఇద్దరూ ఒకే చోట ఉండి ఏదైనా చెప్పుకోవాల్సి వస్తే మధ్యలో ఎవరో ఒకరు కావాలి. కాలువకు నీళ్ళొదిలారన్న కబురు పెదనాన్న మా గేదెకు చెప్పేవాడు. గేదె పక్కనే నిలబడి నాన్న వినేవాడు. చిన్నప్పుడు నవ్వొచ్చేది. పెద్దయ్యాక ఒళ్ళు మండేది.

ఈ రెండిళ్ళలోనూ తిన్న బయటి మనిషి నాకు తెలిసి ఒక్కడే, వరికోత మిషను తెచ్చే సర్దార్జీ. కోతల కాలానికి పంజాబు నుంచి మిషనేసుకుని మా ఊరు వచ్చేవాడు. బండి పెదనాన్న దొడ్లో నిలిపేవాడు. మధ్యాహ్నం అన్నం పెదనాన్న ఇంట్లో, రాత్రికి మా ఇంట్లో. గోంగూర పచ్చడి తింటూ కళ్ళ నీళ్ళు కార్చేవాడు గానీ ఆపేవాడు కాదు. మా ఊళ్ళో నా హిందీ పనికొచ్చిన మనిషి కూడా ఆయనొక్కడే. ఒక కోతల్లో నేను ఊరు వెళితే, ఈ అన్నదమ్ములు ఎందుకు కలిసి తినరని అడిగాడు. నాకు వచ్చిన పుస్తకాల హిందీలో కథంతా చెప్పాను. ఆయన నవ్వలేదు. మా అమృతసర్ గుడిలో వచ్చినవాళ్ళందరినీ ఒకే పంక్తిలో కూర్చోబెడతారమ్మా, ఆ అన్నం ఎవరిదో, పెట్టేవాడు ఎవరో, పక్కన కూర్చున్నవాడు ఎవరో ఎవరూ అడగరు, అక్కడికి తీసుకురా వీళ్ళిద్దర్నీ అన్నాడు. పెదనాన్న నులకమంచం మీద కూర్చుని మా ఇద్దరి వంకా చూస్తున్నాడు. ఏమంటున్నాడని అడిగితే తెలుగులో చెప్పాను. మన కారెంపూడి చాపకూడు లాంటిదన్నమాట, అన్నాడు. అంతటితో ఆ మాట అయిపోయిందనుకున్నాను.

అయిపోలేదు. కిందటేడు పెదనాన్నకు ఆయాసం పట్టుకుంది. గుంటూరు తీసుకుపోతే గుండె బాగా నీరసించిందని, ఆపరేషన్ చేసే వయసూ కాదు, ఓపికా లేదని, మందులు వాడుతూ ఉన్నన్నాళ్ళు జాగ్రత్తగా చూసుకోమని చెప్పారు. నేను చూడ్డానికి పోతే పెద్దమ్మను కాఫీ పెట్టమని లోపలికి పంపించి, నా చెయ్యి పట్టుకున్నాడు.

"అమ్మాయ్, సర్దార్జీ చెప్పిన చోటుకి నన్ను తీసుకుపోతావా? మీ నాన్నని కూడా తీసకరా. వాడి పక్కన కూకొని ఒక్క పూట తిని పోతా. అది ఎవరి ఇల్లూ కాదంటగా. వాడి పంతానికీ ఏం కాదు."

ఇంత దూరం ఎందుకు పెదనాన్నా, కారెంపూడిలో తిరునాళ్ళకు చాపకూడు పెడతారుగా, అక్కడ కూర్చోండి అన్నాను. అక్కడ సగం మంది మనూరోళ్ళే ఉంటారు, వాళ్ళు అన్నం తినరు, మమ్మల్నే చూస్తారు అన్నాడు. నిజమే. వీళ్ళెవరో తెలియని చోటు కావాలి ఆయనకు. డాక్టర్ను అడిగితే అంత ప్రయాణం మంచిది కాదన్నాడు. పెదనాన్న ఆ మాట విననట్టే ఊరుకున్నాడు.

నాన్నను ఒప్పించడానికి నేను పెద్ద యుద్ధానికే సిద్ధమై పోయాను. ఏమంటే ఏమనాలో దారంతా బస్సులో అనుకుంటూ వెళ్ళాను. పెదనాన్న ఏమడిగాడో, ఎందుకడిగాడో ఉన్నదున్నట్టు చెప్పాను. నాన్న పత్తి చేలోంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. చెంబు కింద పెట్టి, సరే టికెట్లు చెయ్యి అన్నాడు. అంతే. నేను సిద్ధం చేసుకున్న మాటలన్నీ నా దగ్గరే మిగిలిపోయాయి. అన్న పరిస్థితి చూసి మెత్తబడ్డాడని సంతోషించాను. మనసులో ఇంకేముందో అడగలేదు. మా ఇంట్లో అడగడం అలవాటు లేదు.

రైలు ఏసీ పెట్టెలో కూడా వాళ్ళ తంతు మారలేదు. రెండు క్యారియర్లు. పెదనాన్నకు పెద్దమ్మ కట్టింది పులిహోర, దొండకాయ వేపుడు. నాన్నకు నేను కట్టింది చపాతీలు, టమాటా పచ్చడి, పెరుగన్నం. ఆ చపాతీల వంక నాన్న కన్నెత్తి చూడలేదు, పెరుగన్నం మాత్రం తిన్నాడు. పెదనాన్న కిటికీ వైపు తిరిగి తింటుంటే నాన్న తలుపు దగ్గరికి పోయి నిలబడేవాడు. నాన్న తినే వేళకు పెదనాన్న దుప్పటి కప్పుకుని పడుకునేవాడు. నేను అటొకసారి ఇటొకసారి వడ్డించడమే సరిపోయింది. నా కడుపులో ఏమైనా పడిందా అని అడిగిన పాపాన పోలేదు ఇద్దరిలో ఒక్కరూ.

ఎదురు బెర్తులో ఉత్తరాది ఆవిడ ఒకామె, వీళ్ళు నీకేమవుతారని నన్ను అడిగింది. మా నాన్నగారు, ఆయన అగ్రజులు అని పదో తరగతి పాఠంలోలాగా చెప్పాను. ఆవిడ చాలా మర్యాదగా, మీరు రేడియోలో వార్తలు చదువుతారా అంది. ఆ తర్వాత ఢిల్లీ దాకా నేను హిందీ మాట్లాడితే ఒట్టు.

అమృతసర్లో దిగేసరికి చలి. ముసలాళ్ళిద్దరికీ మంకీ క్యాపులు తగిలించి, శాలువాలు కప్పి, ఆటో ఎక్కించాను. గదిలో స్నానాలు చేయించి, పొద్దెక్కనిచ్చి గుడికి తీసుకుపోయాను. చెప్పులు ఒకచోట ఇచ్చాం. తల మీద గుడ్డ లేనిదే లోపలికి పోకూడదంటే, నాన్న భుజం మీది తువ్వాలు తీసి కోతల్లో కట్టుకున్నట్టు తలకు చుట్టాడు. పెదనాన్నకు అక్కడ పెట్టిన బుట్టలోంచి కాషాయం గుడ్డ తీసి నేనే కట్టాను. గుమ్మంలో పారే నీళ్ళలో కాళ్ళు తడుపుకుని లోపలికి వెళ్ళాలి. ఆ నీళ్ళు తగలగానే పెదనాన్న ఒళ్ళు జలదరించింది. నేను భయపడ్డాను. ఏం లేదు పద అన్నాడు.

మన గుళ్ళకు మెట్లెక్కి పోతాం. అక్కడ మెట్లు దిగాలి. దిగుతుంటే తెల్లటి పాలరాతి మధ్య అంత నీళ్ళు, ఆ నీళ్ళ నడుమ ఆ బంగారు గుడి కనిపించింది. ఎన్ని ఫొటోల్లో చూశానో, పిల్లలకు ఎన్నిసార్లు బోర్డు మీద చూపించానో. అయినా మెట్ల మధ్యలోనే ఆగిపోయాను. లోపలినుంచి పాట ఆగకుండా వస్తోంది. అర్థం పూర్తిగా తెలియలేదు గానీ, ఎవరినో ఓదారుస్తున్నట్టుంది ఆ గొంతు. నాన్న గట్టు అంచున నిలబడి నీళ్ళలోకి చూశాడు.

చేపలున్నాయమ్మాయ్, అన్నాడు నాతో. చానా పెద్దయ్యే, అన్నాడు పెదనాన్న, అదీ నాతోనే. ఎవరూ పట్టరేమో అన్నాడు నాన్న నాతో. పట్టరు, దేవుడి చేపలు కదా అన్నాడు పెదనాన్న నాతో. నేను మధ్యలో నిలబడి ఎవరి మాట వాళ్ళకు చేరనిచ్చాను. ఇద్దరూ అన్ని మాటలు అనుకోవడం నా పెళ్ళి తర్వాత నేను వినలేదు. పని జరిగేటట్టే ఉంది అనుకున్నాను.

గుడి లోపలికి పోయే వరస చాలా పొడుగుంది. కాస్త దూరం నడిచేసరికి పెదనాన్నకు ఊపిరి అందలేదు. వరసలో నిలబడ్డ ఒక ముసలమ్మ, ఆయన్ను చూసి, చెయ్యి పట్టుకుని నీడకు తీసుకుపోయి కూర్చోబెట్టింది. నీళ్ళు తెచ్చి తాగించింది. కాస్త తేరుకున్నాక ఆయన నా వైపు తిరిగి, ముందు భోజనానికి పోదాం, దేవుడెక్కడికి పోతాడు అన్నాడు. నాన్న వెంటనే లేచి నిలబడ్డాడు. దర్శనం సంగతి మాకెవరికీ గుర్తు లేదు. మేము వచ్చింది ఆ పంక్తి కోసమే.

భోజనశాలకు పోయే దారిలోనే చేతికి కంచం, గిన్నె, చెంచా ఇచ్చారు. లోపల కంచాలు కడిగే చప్పుడు మన ఊళ్ళో వడగళ్ళు రేకుల మీద పడ్డట్టుంది. పొడుగాటి పట్టాలు పరిచి ఉన్నాయి. వచ్చినవాళ్ళు వచ్చినట్టు కూర్చుంటున్నారు. కోటు వేసుకున్నాయన పక్కన రిక్షా లాగే మనిషి, ఆయన పక్కన బిడ్డకు పాలిస్తున్న తల్లి. నేను కావాలనే ఒక అడుగు వెనక్కి తగ్గాను. ముందు పెదనాన్న కూర్చున్నాడు. ఆ పక్కన ఖాళీ. నాన్న ఒక్క క్షణం నిలబడి, పంచె సర్దుకుని, ఆ ఖాళీలో కూర్చున్నాడు. నాన్న పక్కన నేను కూలబడ్డాను. అన్నదమ్ముల మోకాళ్ళు ఒకదానికొకటి తగులుతున్నాయి. నేను ఏడ్చే మనిషిని కాదు, పిల్లల్ని ఏడిపించే మనిషిని. అయినా కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది.

వడ్డన చాలా వేగం. బకెట్లతో వచ్చి గరిటెడు పప్పు, గరిటెడు కూర వేసుకుంటూ పోతున్నారు. ఆ వెనక రొట్టెల బుట్టతో ఒకాయన. అక్కడ రొట్టె కంచంలో వేయరు. రెండు చేతులూ చాపితే చేతుల్లో పెడతారు. పెదనాన్న అవతలివాళ్ళను చూసి చేతులు చాపాడు, ఆయన చేతుల్లో రెండు రొట్టెలు పడ్డాయి. నాన్న చేతులు చాపలేదు. మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. బుట్టాయన ఒక్క క్షణం ఆగి, నా చేతుల్లో ఒకటి పెట్టి ముందుకు పోయాడు. పెదనాన్న తన రెండు రొట్టెల్లో ఒకటి తీసి నాన్న కంచంలో పెట్టాడు.

"తిను" అన్నాడు.

నాతో కాదు, గేదెతో కాదు. ఊరేగింపు రోజు తర్వాత నాన్నతో ఆయన నేరుగా అన్న మాట అదొక్కటే.

నాన్న తినలేదు. రొట్టె ముట్టుకోలేదు, పప్పులో వేలు కూడా పెట్టలేదు. తల తిప్పి, వడ్డించేవాళ్ళు వచ్చే వైపు చూస్తూ కూర్చున్నాడు. పెదనాన్న కూడా మొదలుపెట్టకుండా చూశాడు. చుట్టూ అందరూ తింటున్నారు. నేను నాన్న చెవి దగ్గరికి వంగి తిను నాన్నా అన్నాను. ఉండమ్మా అన్నాడు. ఆ ఉండమ్మా అన్న మాట నా నెత్తిన బండ పడ్డట్టు పడింది. ఇంత దూరం వచ్చి, ఇంతమంది దేవుళ్ళలాంటి మనుషుల మధ్య కూర్చుని కూడా ఈ మనిషి పంతం వదలడా అనుకున్నాను. పప్పు బకెట్ మళ్ళీ వచ్చింది, వద్దని తల ఊపాడు. నీళ్ళొచ్చాయి. పెదనాన్న చివరికి ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాడు. ఎంతసేపు నమిలాడో.

పంక్తి లేవడం మొదలైంది. మా వరస చివరినుంచి నేల తుడిచేవాళ్ళు వచ్చేస్తున్నారు. ఒక నడివయసు సర్దారు నాన్న కంచం చూసి, ముందుకు వంగి, రెండు చేతులూ జోడించి, వదిలేయకూడదు బాబూజీ, తినేయండి అన్నాడు. కోపంగా కాదు, బతిమాలుతున్నట్టు. నేను దాన్ని తెలుగులో చెప్పే లోపలే పెదనాన్నకు అర్థమైంది. ఆయన తమ్ముడి కంచం తన ముందుకు లాక్కున్నాడు. ఆ రొట్టె తుంచి, ఆ పప్పులోనే అద్దుకుని, తినడం మొదలుపెట్టాడు. తమ్ముడి ముందు పెట్టిన కంచంలోది అన్న తినడం మా ఇళ్ళలో నేను ఎక్కడా చూడలేదు. గుండె జబ్బు మనిషి, ఆయాసపడుతూ, ఒక్క మెతుకంత కూడా మిగల్చకుండా కంచం తుడిచి తిన్నాడు. నాన్న నోరు తెరిచాడు. ఏదో అనబోయాడు. అప్పటికి సర్దారు వాళ్ళిద్దరి కంచాలూ తీసుకుని, పెదనాన్న లేవడానికి చెయ్యి అందిస్తున్నాడు.

తర్వాత వరసలో నిలబడి దర్శనం కూడా చేసుకున్నాం. బంగారు గోడలు, పూలు, ఆ పాట, అన్నీ దగ్గరగా చూశాను, ఒక్కటీ మనసుకెక్కలేదు. బయటికొచ్చేటప్పుడు నెయ్యి ఓడే ప్రసాదం చేతిలో పెట్టారు. పెదనాన్న ఒక వైపు తిరిగి తిన్నాడు, నాన్న ఇంకో వైపు తిరిగి తిన్నాడు.

చెప్పులు తీసుకునే చోట నాకు కోపం ఆగలేదు. చుట్టూ జనం ఉన్నారని కూడా చూడకుండా నాన్న మీద విరుచుకుపడ్డాను. ఒక్క ముక్క తుంచి నోట్లో వేసుకుంటే నీ సొమ్మేం పోయేది అన్నాను. చావుబతుకుల్లో ఉన్న మనిషి ఇంత దూరం ఈడ్చుకుంటూ వస్తే ఇదా నువ్వు పెట్టే మర్యాద అన్నాను. ఇంకా చాలా అన్నాను, బళ్ళో పిల్లల్ని కూడా అలా అనను. నాన్న చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ ఉండిపోయాడు. మాట్లాడడానికి ఆయనకు నేను సందివ్వలేదు. ఇచ్చినా మాట్లాడేవాడో లేదో తెలియదు.

"వాణ్ణేం అనమాక అమ్మాయ్" అన్నాడు పెదనాన్న. "వాడికి ఆకలి లేదు."

తిరుగు ప్రయాణంలో ఎవరి భోజనం వాళ్ళు కొనుక్కున్నారు. నాన్న తలుపు దగ్గర, పెదనాన్న కిటికీ దగ్గర. చేపల మాటలు కూడా లేవు. ఊళ్ళో దిగాక పెదనాన్న నా తల మీద చెయ్యి పెట్టి, మంచి పని చేశావు తల్లీ అన్నాడు. ఏం మంచి పని చేశానో నాకు అర్థం కాలేదు. నాన్నతో నేను చాలా రోజులు ముభావంగా ఉన్నాను. ఫోన్ చేస్తే మందులు వేసుకున్నావా, తిన్నావా అని అడిగి పెట్టేసేదాన్ని.

మళ్ళీ కోతలు రాకముందే పెదనాన్న పోయాడు. పొద్దున కాఫీ తాగి, పేపరు ఒళ్ళో పెట్టుకుని, కుర్చీలోనే ఒరిగిపోయాడట. కబురు తెలిసి నేను వెళ్ళేసరికి నాన్న ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని ఉన్నాడు. ఏడవలేదు. ఎవరు లేపినా లేవలేదు. పాడె ఎత్తేటప్పుడు మాత్రం తనే వచ్చి ముందు భుజం పట్టాడు. నేను ఆయన వంక చూసి, ఇప్పుడేం లాభం అని మనసులో అనుకున్నాను. అనుకున్నందుకు ఇవాళ్టికీ నన్ను నేను తిట్టుకుంటున్నాను.

పెద్దకర్మ రోజున ఊరందరికీ బయట షామియానా కింద బల్లలు వేశారు. ఇంటివాళ్ళకు మాత్రం వసారాలో కింద చాపలు పరిచి ఆకులు వేశారు. ఒట్టు పెట్టింది పెదనాన్నతో కలిసి తిననని, ఆయనే లేడు గనక ఇంక ఆ ఇంట్లో నాన్న తినడానికి అడ్డేమీ లేదని పెద్దలు తేల్చేశారు. నాన్నను తీసుకొచ్చి పంక్తి మొదట్లో కూర్చోబెట్టారు. ఆయన పక్కన నన్ను కూర్చోమన్నారు. పెద్దమ్మ గుమ్మం పక్కన గోడకు చేరగిలబడి ఉంది. వడ్డించేవాళ్ళు కూరలు వేసి, వేడి అన్నం పెట్టి, నెయ్యి వేశారు. నాన్న ఆకు వంక చూస్తూ కూర్చున్నాడు.

"తిను అబ్బాయ్" అంది పెద్దమ్మ. "మీ అన్న అమృతసర్ నుంచి వచ్చిన కాడ్నించి ఒకటే మాట. తమ్ముడూ నేనూ ఒక పంక్తిలో తిన్నామే, నేను పెట్టిన రొట్టె వాడు తిన్నాడే అని. వచ్చినోళ్ళందరికీ అదే చెప్పుకున్నాడు. పోయే ముందు రోజు కూడా చెప్పాడు."

నేను తలెత్తలేకపోయాను. ఆ రొట్టె ఎవరు తిన్నారో తెలిసినవాళ్ళం భూమ్మీద ఇద్దరమే మిగిలాం. నాన్న ఊరుకుంటాడనుకున్నాను. ఊరుకుంటే ఆ అబద్ధం అలాగే ఉండిపోయేది, పెద్దమ్మకు అది చాలు.

"తినలా వదినా" అన్నాడు నాన్న.

నాన్న ఆకులోని అన్నం వంక చూస్తూనే చెప్పాడు.

"అన్నం కోసం చూశా. మెతుకు మీద పెట్టిన ఒట్టు, మెతుకుతోనే తీసెయ్యాలనుకున్నా. అన్నం రాంగానే అన్న కంచంలో చెయ్యి పెట్టి మొదటి ముద్ద నేనే తీసుకుందామనుకునే పోయా. వస్తది, వస్తది అని ఆ తలుపు వంకే చూశా. వాళ్ళు అన్నం పెట్టలా."

మాకు రొట్టెతో భోజనం కాదు. ఇంట్లో చపాతీలు చేసుకున్నా, ఆఖర్న నాలుగు మెతుకులు కలుపుకుంటేనే తిన్నట్టు. అన్నం రాకముందే పంక్తి లేచిపోతుందని నాన్నకు ఎలా తెలుస్తుంది? ఆ ఊళ్ళో రొట్టే భోజనమని ఆయనకు చెప్పాల్సింది నేను. ఉండమ్మా అన్నప్పుడు ఎందుకు నాన్నా అని ఒక్క మాట అడిగి ఉంటే, పరుగెత్తుకెళ్ళి ఎక్కడినుంచైనా ఒక పిడికెడు అన్నం అడుక్కొచ్చేదాన్ని. అంత పెద్ద వంటశాలలో, అన్ని దయగల చేతుల్లో, ఎవరో ఒకరు పెట్టేవాళ్ళు. నాకు హిందీ వచ్చు కదా. నాన్న నన్ను అడగలేదు, నేను నాన్నను అడగలేదు, పెదనాన్న ఎవర్నీ ఏమీ అడగకుండా ఆ కంచం లాక్కుని తినేశాడు. తమ్ముడు కాదన్నాడనే అనుకుని పోయాడు. ఆ కాదన్న తమ్ముడి పరువు కాపాడ్డానికి ఊరందరికీ అబద్ధం చెప్పి పోయాడు.

పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పంక్తిలో ఎవరూ ఆకు ముట్టుకోలేదు. ఇంట్లో ఇప్పుడు పెద్దవాడు మా నాన్నే, ఆయన చెయ్యి పెట్టనిదే ఎవరూ మొదలుపెట్టరు. బయట బల్లల దగ్గర వడ్డన కేకలు వినిపిస్తున్నాయి. అన్నం మీద నెయ్యి పేరుకుంటోంది.

"తిను అబ్బాయ్" అంది పెద్దమ్మ మళ్ళీ. "అందరూ నీ కోసం చూస్తన్నారు."

నాన్న పప్పు కలిపాడు. ముద్ద చేసి చేతిలో పట్టుకుని, పక్కకు తిరిగి చూశాడు. పక్కన నేనున్నాను.